బండి చల్లగ ఉన్నప్పుడే సైలెన్సర్ లైను చూడు

తమ్మీ,

సెకండ్ హ్యాండ్ల 2018 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు చూడనీకి పోతున్నవని తెలిసింది. ఇంజిను, గేర్‌బాక్సు అందరూ చూస్తరు. ఇంజిన్ పొగ బయటికి పోయే సైలెన్సర్ లైను మాత్రం వంగి చూసేటోళ్లు తక్కువ. ఇసొంటి టర్బో పెట్రోల్ బండ్లల్ల తిప్పలు దాగేది అక్కడ్నే.

పొద్దుగాలనే పో. బండి స్టార్ట్ చేయకుండ్రి అని రాత్రే ఫోన్ల చెప్పు. పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగ ఉంటే ఇంకోరోజు వస్తనని వచ్చెయ్. ఈ ఇంజిన్‌కు మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగను కలిపే గొట్టం) హెడ్‌లనే కలిసి ఉంటది, టర్బోను నేరుగ హెడ్డుకే బిగిస్తరు. ఆ ప్యాకింగ్ పోయినా, స్టడ్డు విరిగినా చల్లటి ఇంజిన్ల టిక్ టిక్ మంటది. వేడికి లోహం సాగంగనే సందు మూసుకపోయి చప్పుడు ఆగుతది.

స్టార్ట్ అయినంక, పైపు కాగకముందే గ్లౌజు తొడిగి, మందపు గుడ్డతోని వెనుక సైలెన్సర్ మూతిని రెండు మూడు సెకండ్లు మూయి. రెండు మూతులుంటే ఇద్దరు పట్టాలె. గాలి చేతిని నెట్టాలె. నెట్టకుండ కింద ఎక్కడన్న బుస్సుమంటే అక్కడ లీకున్నట్టే. జాయింట్ల కాడ నల్లటి మసి గీతలు కూడ అదే చెప్తయి.

చలికాలం తెల్ల ఆవిరి, నీళ్ల చుక్కలు మామూలే. వేడెక్కినా తెల్ల పొగ ఆగక తియ్యటి వాసనొస్తే కూలెంట్ కాలుతున్నట్టు. ఐదు నిమిషాలు ఐడ్లింగ్ల ఉంచి ఒక్కసారి రేస్ చేసినప్పుడు నీలిపొగ వస్తే వాల్వ్ సీళ్లో టర్బో సీలో పోయినట్టు.

ఇగ అసలు సంగతి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. ఆటోనగర్ల ర్యాంపు ఎక్కించి టార్చ్ కొట్టు. టర్బో వెనుకనే ఉబ్బెత్తు డబ్బా ఉండాలె. దాని జాగల నున్నటి స్టీలు పైపో, కొత్త వెల్డింగో కనబడితే తీసేసినట్టే. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటయి కాబట్టి పాత దానికి కూడ గిరాకీ ఉంటది. డబ్బా ఉన్నా నమ్మకు, రబ్బరు సుత్తెతోని మెల్లగ తట్టు. గలగలమంటే లోపలి జాలి పగిలింది. జాలి ఊకెనే పోదు. ఇంజిన్ మిస్ కొడితే కాలని పెట్రోలు అందుల కాలి దాన్ని కరిగిస్తది. కాబట్టి కాయిళ్లు, ప్లగ్గులు కూడ చూడాలె. కన్వర్టర్ వెనుక ఉండే ఆక్సిజన్ సెన్సర్ పైపు మీదికి అంగుళం లేచి ఉంటే మధ్యల స్పేసర్ (ఎత్తు పెంచే ముక్క) పెట్టిన్రు. బండి కంప్యూటర్ల తప్పు చూపే కోడ్ రాకుండ చేసే ఉపాయమది.

ఇగ్నిషన్ ఆన్ చేయంగనే చెక్ ఇంజిన్ లైట్ వెలగాలె, స్టార్ట్ అయితే ఆరాలె. అసలే వెలగకుంటే ఎవరో దాచిన్రు. స్కానర్ పెడితే కోడ్లు చూసి ఊకోకు. క్యాటలిస్ట్ మానిటర్ (కన్వర్టర్‌ను బండి తానే పరీక్షించుకునుడు) కంప్లీట్ అయిందా, కోడ్లు చెరిపినంక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఈ రెండూ చదువు. పది పదిహేను కిలోమీటర్లే అంటే నీకోసమే చెరిపినట్టు. అప్పుడు మడికొండ మీదికెళ్లి ఘన్‌పూర్ దాకా నడిపి మళ్ల పెట్టు. వేడి ఇంజిన్ల 2500 ఆర్‌పీఎం కాడ వెనుక సెన్సర్ 0.6, 0.8 వోల్టుల మధ్య నిలకడగ ఉండాలె. 0.1 నుంచి 0.9 దాకా ఊగుతుంటే కన్వర్టర్ పనిచేస్తలేదు.

అమ్మేటాయన చూపించే పొల్యూషన్ కాగితం పక్కన పెట్టు, నీ ముందట మళ్ల చేయించు. బీఎస్4 పెట్రోల్ బండికి ఐడ్లింగ్ల సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (కాలని పెట్రోలు ఆవిరి) 200 పీపీఎం దాటొద్దు. 2500 కాడ సీఓ 0.2 లోపు, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల లెక్క) 0.97 నుంచి 1.03 లోపు రావాలె. లాంబ్డా ఎక్కువొస్తే పైపుల ఎక్కడ్నో బయటి గాలి దూరుతున్నదేమో చూడు.

"ఒరిజినల్ కన్వర్టర్ ఇంట్లనే ఉంది" అంటే, బిగించి చూపియ్యమను. లేదంటే చాసిస్ నంబర్ చెప్పి పార్ట్స్ కౌంటర్ల రేటు రాయించుకో. చాన పిరం ఉంటది. ఆ కాగితం చేతుల పట్టుకునే బేరానికి కూసో.