పిల్లల ఎదుగుదలలో జన్యువుల వాటా ఎంత, పెంపకం వాటా ఎంత?

ఒక్క బిడ్డను చూపించి "ఇంత శాతం జన్యువులు, ఇంత శాతం పెంపకం" అని పంచడం కుదరదు. తరచూ వినిపించే వారసత్వ శాతం అంటే, ఒక జనాభాలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో ఎంత వాటా జన్యువుల తేడాల వల్ల వచ్చిందన్న లెక్క. ఎత్తుకు అది 80 శాతం దాకా ఉంటుంది. తిండి కొందరికే సరిగా అందే చోట అదే అంకె తగ్గొచ్చు.

రెండూ ఎలా ముడిపడతాయో ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యు జబ్బులో స్పష్టంగా కనిపిస్తుంది. దెబ్బతిన్న పీఏహెచ్ జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే ప్రోటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థం అరగక రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. మడమ రక్తపు చుక్కతో మొదట్లోనే పట్టుకుని, ప్రత్యేక పాలపొడి, కొలిచి ఇచ్చే ప్రోటీన్ మొదటి రెండు వారాల్లోపే మొదలుపెడితే తెలివి దాదాపు మామూలుగానే ఎదుగుతుంది. జన్యువు మాత్రం అలాగే ఉంటుంది. ఒక చిక్కుంది: పుట్టిన 24 గంటల్లోపే రక్తం తీస్తే జబ్బు దొరక్కపోవచ్చు, ఎందుకంటే రక్తంలో ఆ పదార్థం పెరగడానికి కొంత సమయం పడుతుంది. అలా తీసుంటే మళ్లీ చేయించాలి.

తెలివి, స్వభావం ఇలా ఒక్క జన్యువుతో తేలవు. వేల జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. అందుకే "మీ పాప ప్రతిభ" చెప్పే డీఎన్ఏ కిట్లు డబ్బు దండగ.

పైగా బిడ్డ స్వభావమే తన పరిసరాన్ని మారుస్తుంది. ఊరికే చిరాకుపడే బిడ్డతో పెద్దలు తక్కువ మాట్లాడొచ్చు, దాంతో మాట వెనకబడొచ్చు. మరి పరిసరం ప్రభావాన్ని విడదీసి చూడగలమా? 2000ల మొదట్లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథ సంస్థల్లోని 136 మంది పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపును పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. ఎంపిక యాదృచ్ఛికం కాబట్టి తేడాను జన్యువుల మీదకు నెట్టలేం. ఇళ్లకు వెళ్లిన పిల్లలు తెలివిలోనూ అనుబంధంలోనూ మెరుగయ్యారు, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు మరీ ఎక్కువగా.

ఇంట్లో చేయాల్సింది: బిడ్డ శబ్దం చేసినా, వేలు చూపించినా వెంటనే స్పందించి, కొన్ని సెకన్లు ఆగి తన వంతు రానివ్వండి. ఎదురుగా టీవీ వాగుతుంటే ఇది జరగదు.

మాట ఆలస్యమైతే మీ పెంపకాన్నో వంశాన్నో నిందించే ముందు వినికిడి పరీక్ష చేయించండి. పుట్టుకతో వచ్చే చెవుడులో చాలావాటికి మూలం జన్యువులే, అమ్మానాన్నలు బాగా వినగలిగినా సరే. పుట్టిన నెలలోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స లేదా సైగల భాష మొదలవ్వాలి. ఏడాదికి వేలు చూపించకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసైనా ఆగొద్దు.