మొహమాటం లేకుండా రాశావు, సరే

అమ్మడూ,

నువ్వు పంపిన పదకొండు పుస్తకాల అభిప్రాయాలు రెండుసార్లు చదివాను. రెండున్నర నెలల్లో ఏడు ఫాంటసీలు, నాలుగు క్రైమ్ నవలలు! నిద్రపోతున్నావో లేదో మీ అమ్మ చూసుకుంటుంది, నేను పుస్తకాల సంగతే మాట్లాడతాను. "మొహమాటం లేకుండా రాశాను మామయ్యా, నువ్వూ అలాగే చెప్పు" అన్నావు కాబట్టి చెబుతున్నా. తిట్లు మంచి ఘాటుగా ఉన్నాయి. కానీ "పరమ చెత్త", "టైమ్ వేస్ట్", "తల తిరిగింది" అనే మూడు మాటల్నే ఏడు పుస్తకాలకి పంచేశావు. పుస్తకాల పేర్లు అటూ ఇటూ మార్చేసినా ఆ అభిప్రాయాలు చక్కగా అతుకుతాయి. అంటే నీ చిరాకు తెలిసింది గానీ పుస్తకం సంగతి తెలియలేదు.

విసుగు ఎక్కడ పుట్టిందో రాయి. నేనైతే పెన్సిల్ దగ్గర పెట్టుకుంటాను. పుస్తకం పక్కన పడేసి వేరే పనిలోకి వెళ్లినప్పుడల్లా ఆ పేజీ అంచున ఒక చుక్క పెడతాను. అయిపోయాక చుక్కలు చూస్తే జబ్బేమిటో తెలిసిపోతుంది. ఒక లావుపాటి ఫాంటసీలో నా చుక్కలన్నీ రాజసభ సన్నివేశాల దగ్గరే పడ్డాయి. అడవిలో నడిచిన భాగంలో ఒక్కటీ లేదు. "సాగదీశాడు" అని రాయబోయి, "ఈయనకి దారీ వానా రాయడం వచ్చు, ఇద్దరు మంత్రులు మాట్లాడుకోవడం రాయడం రాదు" అని రాశాను. రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది, చూడు.

ఈ రెండు రకాల పుస్తకాల్నీ ఉతికి ఆరేసినవాడు ఎడ్మండ్ విల్సన్ అని ఒక అమెరికన్ విమర్శకుడుండేవాడు. 1944లో న్యూయార్కర్ పత్రికలో డిటెక్టివ్ కథల్ని తీసిపారేశాడు. పాఠకులు ఊరుకుంటారా? మంచివి చదవలేదు నువ్వు, ఇవిగో ఇవి చదువు అని ఉత్తరాలు కురిపించారు. వాళ్లు చెప్పినవి తెచ్చుకుని చదివి, 1945లో ఇంకా గట్టిగా తిట్టాడు. అందులో నాకు నచ్చింది ఒకటుంది. డొరొతీ సేయర్స్ నవల 'ద నైన్ టైలర్స్'లో చర్చి గంటలు మోగించే పద్ధతి గురించి బోలెడంత ఉంటుంది. అందులో చాలా భాగం దాటేశానని ఆయనే రాసుకున్నాడు. 1956లో టోల్కీన్ రాసిన ఫాంటసీ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మీద పడ్డప్పుడు కూడా, మొత్తం పుస్తకాన్ని ఏడేళ్ల కూతురికి పైకి చదివి వినిపించానని చెప్పి మరీ తిట్టాడు. ఆ రెండు తీర్పుల్లో ఒక్కటీ నేను ఒప్పుకోను. అయినా ఆయన్ని నమ్ముతాను, ఎంత చదివాడో ఏది వదిలేశాడో దాచలేదు కనుక. నీ జాబితాలో తొమ్మిదో పుస్తకం సగంలో ఆపేశావని నాకు అనుమానం. ఆపేస్తే తప్పేం లేదు. "210వ పేజీ దగ్గర ఆపేశాను" అని రాసెయ్. చివరిదాకా చదివినట్టు ముగింపు మీద వ్యాఖ్యానం చెయ్యకు.

దీనికి తోడు, నీ పక్షపాతం ముందే చెప్పుకో. కవి ఆడెన్ 1948లో డిటెక్టివ్ కథల మీద ఒక వ్యాసం రాస్తూ, ఇవి నాకు పొగాకు, మందు లాంటి వ్యసనం అని మొదలుపెట్టాడు. కథ ఇంగ్లండ్ పల్లెటూళ్లో జరగకపోతే చదవడం కష్టమని కూడా ఒప్పుకున్నాడు. అది తెలిశాక ఆయన మెప్పుని ఎంతవరకు తీసుకోవాలో మనకే తెలుస్తుంది. నీకు యుద్ధ వర్ణనలు పడవు. ఏడు ఫాంటసీల్లో అయిదింటి మీద నీ ఫిర్యాదు అదే. ఆ ముక్క పైన ఒకసారి రాసేసి, లోపల ఇక ఆ ఊసెత్తకు.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ ఒకటి. చాలా ఏళ్ల కిందట ఒక హత్యా నవల చివరి పేజీ మీద ఎర్ర సిరాతో "మోసం!" అని రాశాను. ముసలాయన చనిపోయే ముందు ఉత్తరం చదివాడని అందరూ అనుకుంటారు. చదవనేలేదని డిటెక్టివ్ చివర్లో తేలుస్తాడు. ఎలా తెలిసిందయ్యా నీకు, మాకు చెప్పకుండా, అని నా కోపం. కనబడినవాళ్లందరికీ ఆ పుస్తకం ముట్టుకోవద్దని చెప్పాను. రెండేళ్ల తర్వాత ఇంకేమీ దొరక్క మళ్లీ తెరిస్తే, 37వ పేజీలో పనిమనిషి అంటోంది, "అయ్యగారి కళ్లజోడు బాగుచేయించడానికి ఇచ్చాం, రేపొస్తుంది" అని. కాఫీ కప్పులు తీసేస్తూ అన్న మాట! ఏదో ఇంటి గొడవలే అని నేను దాటేసిన మాట. ఎర్ర సిరా చెరగదు కదా. దాని కింద నీలం సిరాతో "గుడ్డివాణ్ణి నేనే" అని రాసుకున్నాను. అప్పట్నుంచి ముగింపు నచ్చకపోతే వెంటనే కలం పట్టను. ఆధారం కోసం ఒకసారి వెనక్కి వెళ్లి వెతుకుతాను. దొరక్కపోతే అప్పుడు తిడతాను, నిశ్చింతగా.

ఈ ఆధారాల గొడవ కొత్తది కాదు. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ మతగురువు డిటెక్టివ్ కథకి పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలి, రహస్య మార్గం ఒకటికి మించకూడదు, ముందుగా సిద్ధం చెయ్యకుండా కవలల్ని దింపకూడదు, ఇలాంటివి. సగం సరదాకి రాసినవేలే. కానీ ఫాంటసీకి కూడా ఇవి భలే పనికొస్తాయి. హీరో చావబోతుంటే చేతిలోంచి ఎన్నడూ వినని మంత్రం పుట్టుకొచ్చిందనుకో, అది రహస్య మార్గమే. టోల్కీన్ 1939లో ఇచ్చిన ఉపన్యాసంలో, రచయిత కట్టిన లోకం దాని సూత్రాలకి అది కట్టుబడి ఉండాలనీ, చదివేవాడిలో అపనమ్మకం మొలిచిందంటే మాయ విరిగిపోయినట్టేననీ అన్నాడు. కాబట్టి "డ్రాగన్ మాట్లాడటమేంటి, నాన్సెన్స్" అన్న నీ వాక్యం కొట్టెయ్. డ్రాగన్ మాట్లాడుతుందని మొదటి పేజీలోనే చెప్పాడు, నువ్వు ఒప్పుకునే లోపలికి వెళ్లావు. మూడు వందల పేజీలు మాట్లాడిన డ్రాగన్, హంతకుడి పేరు చెప్పాల్సినచోట మాత్రం ఎందుకు నోరు మూసుకుందో అడుగు. అక్కడ రచయిత దొరికిపోతాడు.

ముగింపు బయటపెట్టకుండా తిట్టడం ఎలా అన్నావు. ఎవరు చేశారో వద్దు, రచయిత ఎంత నిజాయితీగా ఆడాడో చెప్పు చాలు. "విప్పడానికి కావాల్సిన సంగతి మనకి ముందు చూపించలేదు" అంటే ఎవరి సరదా పాడవదు. అలాగే మూడు భాగాల్లో మొదటిది చదివి "ఏదీ తేలలేదు" అని రాశావే, అట్ట మీద మొదటి భాగం అని వేసి ఉంటే ఆ నింద చెల్లదు.

మెచ్చుకున్న రెండు పుస్తకాల గురించి అసలు మాట్లాడలేదనుకోకు. "సూపర్" అని ఊరుకున్నావు, మాట్లాడటానికి నాకేం మిగిల్చావు?

ముందు ఆ నాలుగో నవల మీద రాసింది మళ్లీ రాసి పంపు. చుక్కలు పెట్టుకుని. పుస్తకం కూడా పంపితే చదువుతాను, తాళం వేసిన గదిలో హత్య అన్నావు కదా. లోపల గడియ ఎలా పడిందో మాత్రం ఇప్పుడే చెప్పకు.

మీ మామయ్య