కిరణ్‌కి, రికార్డులు కొనేముందు

ఒరేయ్ కిరణ్,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కవర్ ఫొటోలు ఆరున్నాయి, రికార్డుది ఒక్కటీ లేదు. కవర్ పాడదు కదరా!

పైగా మల్లీశ్వరి సినిమా పాటల ఎల్‌పీ (ఎక్కువసేపు పాడే పెద్ద వినైల్ రికార్డు), 1951 నాటి ఒరిజినల్ అన్నాడా నీతో ఆ అమ్మేవాడు? 1951లో మన పాటలు వచ్చింది 78 ప్లేట్ల మీద, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. పది అంగుళాల లక్క ప్లేటు, వైపుకి మూడు నిమిషాల పైచిలుకు, అంతే. ఎల్‌పీ తర్వాతెప్పుడో వేసినది. వినడానికి అదే హాయి, కొనుక్కో, కానీ ప్లేటు ధర మాత్రం ఇవ్వకు.

నన్నడిగితే ప్లేట్లదే అసలు మజా. ఆ మూడు నిమిషాల్లో ఇమడాలి కాబట్టి కొన్ని పాటలు రికార్డు కోసం విడిగా పాడించేవారు, సినిమాలో విన్న చరణం ప్లేటులో ఉండదు, ఒక్కోసారి ప్లేటులో ఉన్నది సినిమాలో కనపడదు. పొడుగు పాటైతే సగం ఇటు, సగం అటు. మధ్యలో లేచి తిప్పాలి, మీ అత్తయ్యకి అదే చిరాకు.

కొనేటప్పుడు ప్లేటుని ఎండ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడు. నల్లగా నిగనిగలాడితే సరే. బూడిద రంగుకి తిరిగిందంటే గాడి అరిగిపోయినట్టే, ఎంత కడిగినా రాదు. పాత మైకు సెట్ల వాళ్ళ దగ్గర దొరికేవి ఎక్కువగా ఇలాంటివే, పాపం, ఊళ్ళో ప్రతి పెళ్ళికీ అవే మోగాయి మరి. తర్వాత గోటితో అంచు మీద తట్టు. మీ అమ్మమ్మ కుండ కొనేటప్పుడు చేసేదే. ఖంగుమనకుండా బద్దగా పలికిందా, ఎక్కడో సన్నటి బీట ఉన్నట్టు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతకి పొద్దున్నే వెళ్ళు. మద్రాసు వెళ్తే అక్కడా వెతుకు, అప్పట్లో మన సినిమాలు ఎక్కువగా తయారైంది అక్కడే కదా.

ఇక నేను చేసిన వెధవపని చెప్తా. ఒకసారి పాతాళభైరవి ప్లేటు మట్టి కొట్టుకుని ఉందని దూదికి స్పిరిట్ అద్ది తుడిచా. దూది నల్లబడుతుంటే ఎంత మురికి వస్తోందో అని మురిసిపోయా కూడా. వచ్చింది మురికి కాదు, ప్లేటే. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని అప్పటికి నాకు తెలీదు. ఆరాక చూస్తే వేడి గిన్నె పెట్టిన బల్లలా మచ్చ, ముల్లు పెడితే గరగర తప్ప ఘంటసాల లేడు. కాబట్టి లేబుల్ తడవకుండా కొంచెం సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, వెంటనే ఆరబెట్టడం, అంతకుమించి ఏమీ వద్దు.

ముల్లు కూడా వేరేది కావాలి. ఎల్‌పీ ముల్లు సన్నం, 78 గాడి వెడల్పు, అడుగున పడి కొట్టుకుంటుంది. చాలా ప్లేయర్లకి 78 ముల్లు విడిగా దొరుకుతుంది, ముందు అది కొను, ప్లేట్లు తర్వాత.

అన్నీ నిలబెట్టే పెట్టు, ఒకదానిమీద ఒకటి పేర్చకు. ఎల్‌పీని బెజవాడ ఎండలో కారులో వదిలావో, అప్పడమే.

ఇప్పుడు ఆ అమ్మేవాడికి ఫోన్ చెయ్. రెండు వైపులా ఫొటో పంపమను, లేబుల్ చుట్టూ నున్నగా ఉన్నచోట చెక్కిన నంబరు కనపడేలా. పంపితే నాకు పంపు. రేపు మాపు అంటే వదిలెయ్, అది దొరక్కపోతే ఇంకోటి దొరుకుతుంది.

నీ మామయ్య