గొంతులో ఏమీ లేదన్నారు, మాట మాత్రం రావట్లేదు. ఇప్పుడేం పరీక్ష చేయించాలి?

స్కోప్ (గొంతు లోపల చూసే సన్నగొట్టం) వేసి అంతా బాగుందన్నాక మీ చెల్లెలు నటిస్తోందని ఇంట్లో అంటున్నారని రాశారు. ముందు ఆ మాట ఆపించండి.

మా అక్క లెక్కల టీచరు. జలుబు తగ్గాక కూడా గొంతు రాలేదు, ఒట్టి గుసగుసే. ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నగొట్టం పంపి చూసి, "నార్మలే, టెన్షన్ పడకండి" అని పంపేశారు. వాళ్ళత్తగారు కరక్కాయ బుగ్గన పెట్టించి, అయినా మాట రాకపోయేసరికి బడి ఎగ్గొట్టడానికే ఇదంతా అనేశారు.

అసలు పరీక్ష చేసింది స్పీచ్ థెరపిస్టు. గొంతు ఎప్పుడు పోయింది, ఆ రోజుల్లో బడిలో, ఇంట్లో ఏం జరిగిందని ముందు తీరిగ్గా అడిగింది. తర్వాత స్వరపేటికని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపింది. పైకి లాక్కుని బిగుసుకుపోయి ఉందట, వేలు తగిలితేనే అక్క మొహం చిట్లించింది. "ఒకసారి దగ్గండి మేడమ్" అంది. ఖంగుమని వచ్చింది దగ్గు! స్వరతంత్రులు, అంటే స్వరపేటికలో అదిరి గొంతు పలికించే మడతలు, రెండూ దగ్గరికి చేరితేనే ఆ మోత వస్తుంది, అంటే వాటికి పక్షవాతం లేనట్టే. నీళ్ళు పుక్కిలిస్తూ శబ్దం చెయ్యమంటే అందులోనూ గొంతు పలికింది. నోరు మూసుకుని "మ్‌" అనిపించి, దాన్ని సాగదీయించి "మా", "మా"లోంచి "మామిడి". అక్క అక్కడికక్కడే ఫోన్ తీసి వాళ్ళబ్బాయికి చేసింది.

నటించే మనిషైతే దగ్గుని కూడా దాచుకునేది. ఎవరేమన్నా నేను ఒప్పుకోను.

క్లాసు నిండా పిల్లలు, నెత్తిన ఫ్యాను మోత, ఒక్క మైకు ఇవ్వరు. గొంతు పోతే మాత్రం సెలవు పెట్టుకోమంటారు. టీచర్లకి ఈ బాధ ఊరికే రావట్లేదు.

మీరు వీలైతే స్ట్రోబోస్కోపీ, అంటే మిణుకుమనే లైటుతో గొంతు చూసే పరీక్ష, చేయించండి, మామూలు లైటులో దొరకని తంత్రుల కదలిక అందులో తెలుస్తుంది. పిసికినట్టు, మధ్యమధ్యలో తెగుతూ మాట వస్తుంటే న్యూరాలజిస్టుకీ చూపించాలి. అది స్పాస్మోడిక్ డిస్ఫోనియా, అంటే స్వరపేటిక కండరాలు వాటంతటవే బిగుసుకునే నరాల జబ్బు, కావచ్చు; ఒకప్పుడు దాన్నీ మనసు జబ్బనే అన్నారు. మీ చెల్లెలు ఒక్క ఊపిరిలో "ఆ" ఎంతసేపు అనగలదో థెరపిస్టు చూస్తారు, గొంతు వల్ల రోజూ ఎంత ఇబ్బంది పడుతోందో తెలియడానికి వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్ అని 30 ప్రశ్నల కాగితం నింపిస్తారు. మీ ఊళ్ళో ఎవరూ లేకపోతే మైసూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది, 1965లో పెట్టారు. చెల్లెలు నవ్వినప్పుడు, దగ్గినప్పుడు ఆమెకి ముందే చెప్పి, ఫోన్లో రికార్డు చేసి పట్టుకెళ్ళండి.