నీ ఆర్డర్లీ పొద్దస్తమానం ఏం చేస్తాడు?

మాంబళం, చెన్నై

చి. సురేశ్‌కి ఆశీస్సులు.

నవల మొదటి నాలుగు ప్రకరణాలూ చదివాను. గోదావరి జిల్లా కుర్రాడు 1943 జనవరిలో మద్రాసులో భర్తీ అయి, రెండో ప్రపంచ యుద్ధపు అస్సాం సరిహద్దు మిలిటరీ ఆసుపత్రిలో నర్సింగ్ ఆర్డర్లీగా, అంటే రోగులకు ఊడిగం చేసే సిపాయిగా తేలడం మంచి ఎత్తుగడ. వాక్యం నీ మాట వింటోంది. కాని నీ కథానాయకుడు అప్పారావు పేజీకోసారి నెత్తురు చూసి కళ్లు తిరిగి పడతాడు, లేదంటే వాళ్లమ్మ పెట్టే ఆవకాయ తలుచుకుంటాడు. లేచింది మొదలు అతను చేసే పనేమిటో మాత్రం ఎక్కడా లేదు. ఇంటి బెంగ చాకిరీ సందుల్లోంచి తొంగిచూస్తేనే పాఠకుడు నమ్ముతాడు.

ముందు వార్డు సరిచెయ్యి. నీ మంచాలన్నీ తూటా దెబ్బలతో నిండిపోయాయి. 1943లో ఆ సరిహద్దున గాయంతో వెనక్కి తెచ్చిన ఒక్కడికి 120 మందిని జబ్బుతో తెచ్చారని అక్కడి బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ లెక్క. అంటే అప్పారావు చుట్టూ ఉన్నది మలేరియా వణుకు, రక్త విరేచనాలు, నల్లిపురుగులాంటి సన్న కీటకం కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్. చేతిలో కత్తెర కంటే బెడ్‌పాన్ ఎక్కువసేపు ఉంటుంది. మలేరియాకి మెపాక్రిన్ మాత్ర ఉంది. రోజూ వరసలో నిలబెట్టి, ఆఫీసరు కళ్లముందే మింగించేవారు. ఎందుకంటే ఒళ్లు పసుపుపచ్చగా మారేది, మగతనం పోతుందన్న పుకారూ ఉండేది. నాలుక కింద దాచుకుని బయటికెళ్లి ఊసేసే సిపాయి ఒకడు నీకు దొరికినట్టే.

ఇక నీళ్లు. దీనికి ఒక ప్రకరణం ఇచ్చినా తప్పులేదు. నీళ్లలో ఎంత బ్లీచింగ్ పౌడరు కలపాలో తేల్చే హారక్స్ పెట్టెలో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు ఉంటాయి. నల్లదాంట్లో ఒక చెంచా, అంటే 2 గ్రాముల బ్లీచింగ్ పౌడరు ముద్దలా కలిపి, లోపలి గీత దాకా నీళ్లు పోసి తేరనివ్వాలి. తెల్లవాటిలో వాగు నీళ్లు. ఆ తేటని మొదటి కప్పులో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరోదాంట్లో ఆరు వేసి కలిపి అరగంట ఆగాలి. తర్వాత అన్నింట్లోనూ గంజి కలిసిన అయొడైడ్ మందు మూడేసి చుక్కలు. స్పష్టంగా నీలం తిరిగిన మొదటి కప్పు మూడోదైతే 100 గాలన్లకి, అంటే 455 లీటర్లకి, మూడు చెంచాల పౌడరు పడుతుంది. ఏ కప్పూ నీలం తిరగలేదనుకో, నీళ్లు మరీ మురికివైనా అయివుండాలి, డబ్బా మూత సరిగ్గా పెట్టక అస్సాం చెమ్మకి పౌడరు చచ్చిపోయైనా ఉండాలి. వార్డు దాహంతో అరుస్తుంటే అరగంట ఆగడం ఎంత కష్టమో రాయి. నీ ఫిరంగి మోత సన్నివేశం కంటే అది వెయ్యిరెట్లు నయం.

గాజు సిరంజి గొట్టాన్నీ పిస్టన్నీ విడదీసి, గుడ్డలో చుట్టి, చన్నీళ్లలో వేసి పొయ్యెక్కించాలి. మరిగే నీళ్లలో పడేస్తే పగులుతుంది. ఎముక విరిగిన కాలికి గట్టిపడే ప్లాస్టర్ పట్టీ వేశాక, దెబ్బ తగిలిన తేదీ, పట్టీ వేసిన తేదీ, ఎముక ఎక్కడ విరిగిందో చిన్న బొమ్మ, అన్నీ ఆ పట్టీ మీదే చెరగని పెన్సిలుతో రాసేవారు. మనిషి ఆసుపత్రి మారినా కాగితం పోదు, ఒంటిమీదే ఉంటుంది కదా! స్ట్రెచర్ ఒక్కటే సుమారు 30 పౌండ్లు. మోసేవాళ్లు కవాతులా అడుగు కలిపితే అది ఊయలలా ఊగి రోగి ప్రాణం తీస్తుంది, అందుకే కావాలని అడుగు తప్పి నడుస్తారు. చదునునేల మీద రోగి కాళ్లు ముందు, మిట్ట ఎక్కేటప్పుడు తల ముందు.

కాలం విషయంలో రెండు పొరపాట్లున్నాయి. మూడో ప్రకరణంలో పెన్సిలిన్ ఇప్పించావు. ఆ ఏడాది దాన్ని ఇంకా ఉత్తరాఫ్రికాలో గాయాల మీద పరీక్షిస్తున్నారు. పుండు మీద సల్ఫా పొడి చల్లించు. రెండోది, అతని దళం పేరు. జనవరిలో చేరినవాడు ఇండియన్ హాస్పిటల్ కోర్ అనే సైనిక వైద్య దళం మనిషి. 1943 ఏప్రిల్ 3న దాన్ని మిగతావాటితో కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ చేశారు. పేరు మారితే తన బతుకేమన్నా మారిందా అని అప్పారావు చేతనే అడిగించొచ్చు.

దిమాపూర్‌లో రైలెక్కి ఏకబిగిన మద్రాసులో దిగిపోయాడే, అది కుదరదు. అక్కడిది మీటర్ గేజి, అంటే సన్న పట్టాల దారి. బ్రహ్మపుత్ర మీద అప్పటికి వంతెన లేదు, గౌహతి దగ్గర వంతెన 1962లో వచ్చింది. గౌహతి పక్కన పాండులో దిగి, రేవు పడవలో అవతలి ఒడ్డున అమీన్‌గావ్ చేరి, మళ్లీ రైలెక్కాలి, ముందుకెళ్లాక గేజి కూడా మారాలి. స్ట్రెచర్ రోగుల్ని ప్రతిచోటా దింపి ఎక్కించే చాకిరీ ఆర్డర్లీలదే. నాలుగు వాక్యాల్లో తేల్చేసిన ప్రయాణంలో నీకు పది పేజీలున్నాయి.

ఒక మాట గట్టిగానే చెప్తాను. మరుగుదొడ్లు ఎవరు కడిగారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగారు అన్నది నువ్వు దాటేశావు. స్వీపరూ, నీళ్లు మోసేవాడూ, వంటవాడూ వేరువేరు కొలువులు. కులం మిలిటరీ గేటు దగ్గర ఆగిపోలేదు. అది లేకుండా రాస్తే మర్యాదగా ఉంటుంది గాని, అబద్ధమవుతుంది.

అక్కడ ఆజ్ఞలన్నీ హిందూస్తానీలో, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకునేది. అప్పారావు మొదట నేర్చేది పానీ (నీళ్లు), దర్ద్ (నొప్పి). పక్క మంచం మీద గూర్ఖా ఉంటే వాడికీ అది పరాయి భాషే. ఇంటికి రాసే జాబులో ఊరి పేరుండకూడదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే. సెన్సారు చదువుతాడని తెలిసి రాసేవాడు వానల గురించీ, అందిన మనియార్డరు గురించీ రాస్తాడు. నీ రెండు పేజీల కన్నీటి ఉత్తరాన్ని ఐదు వాక్యాలకి కుదించు.

వీలుచూసుకుని నందంబాక్కం యుద్ధ శ్మశానానికి వెళ్లు. అక్కడి సమాధుల మీద హోదా, కోర్, తేదీ, వయసు చూస్తూ నడువు, నోటుపుస్తకం మరిచిపోకు.

రైలు ప్రయాణం ముందు దిద్ది పంపు. ఐదో ప్రకరణం ఆ తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ మాస్టారు