పెన్‌డ్రైవ్‌లో పాటలు ఎక్కించి అమ్మినందుకు కేసు: జరిమానాతో పోతుందా?

ప్రశ్న: మండల కేంద్రంలో మాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో సినిమా పాటలు ఎక్కించి అమ్ముతుంటాం. తొమ్మిది రోజుల క్రితం ఒక ఆడియో కంపెనీ ప్రతినిధి ఎస్సైని వెంటబెట్టుకుని వచ్చాడు. కంప్యూటరు, రెండు హార్డ్‌డిస్కులు, 140 పెన్‌డ్రైవ్‌లు పట్టుకెళ్లారు. కాపీరైట్ చట్టం 63, 65, 68ఎ సెక్షన్లతో పాటు మోసం సెక్షను కూడా పెట్టారు. దుకాణం నా పేరున ఉంది. ఆ సమయానికి కౌంటరులో ఉన్నది మా తమ్ముడి కొడుకు. వాణ్ణీ ముద్దాయిగా చేర్చి ఇద్దరికీ నోటీసులిచ్చారు. మేము పెన్‌డ్రైవ్ ధరే తీసుకున్నాం, పాటలకు పైసా తీసుకోలేదు. అవన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాటలే. నేరం ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒప్పుకోలు సంగతి. ఎవరో చెప్పారని కోర్టులో నేరం ఒప్పుకోకండి. కాపీరైట్ చట్టం, 1957లోని 63వ సెక్షను జైలు గానీ జరిమానా గానీ అనదు, రెండూ వేయమంటుంది. జైలు ఆరు నెలలకు తగ్గకూడదు, మూడేళ్లు దాటకూడదు. జరిమానా 50 వేల రూపాయలకు తగ్గకూడదు, 2 లక్షలు దాటకూడదు. అంతకన్నా తగ్గించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది కానీ దానికో షరతుంది. వ్యాపారంలో లాభం కోసం చేసిన పని కాదని తేలాలి, తగ్గించడానికి తగిన ప్రత్యేక కారణాలను తీర్పులో రాయాలి. దుకాణం పెట్టి కౌంటరు మీద అమ్మినవాళ్లకు ఈ వెసులుబాటు దొరకడం కష్టం. పైగా ఒప్పుకున్నా శిక్ష శిక్షే. రేపు ఇలాంటిదే రెండో కేసులో శిక్ష పడితే 63ఎ వర్తిస్తుంది. అప్పుడు కనీసం ఏడాది జైలు, కనీసం లక్ష జరిమానా. ఇవాళ్టి తొందరకు ఆ ధర కట్టాల్సి వస్తుంది.

పాటలకు డబ్బు తీసుకోలేదన్న వాదన మిమ్మల్ని గట్టెక్కించదు. అనుమతి లేని కాపీని అమ్మకానికి తయారు చేసినా, అమ్మినా, అద్దెకిచ్చినా, వ్యాపారంగా అమ్మకానికి పెట్టినా ఉల్లంఘనేనని 51వ సెక్షను చెబుతుంది. పాటకు ఎంత, పెన్‌డ్రైవ్‌కు ఎంత అని అది లెక్క అడగదు. ఖాళీ పెన్‌డ్రైవ్‌నూ పాటలున్నదాన్నీ ఒకే ధరకు అమ్మినట్టు బిల్లులుంటే శిక్ష ఖరారు చేసే దశలో కొంత పనికొస్తాయి, అంతే. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికాయన్నదీ అంతే. వెబ్‌సైటులో పెట్టినవాడికే హక్కు లేనప్పుడు, దించుకున్న మీకు అమ్ముకునే హక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది? సొంతంగా వినడానికి చేసుకునే కాపీకి 52వ సెక్షను ఇచ్చే మినహాయింపు దుకాణానికి వర్తించదు. గిరాకీ తన కార్డు తెచ్చి ‘ఇందులో ఎక్కించు’ అన్నా ఎక్కించింది మీరు, వ్యాపారంగా.

చాలామంది పాత పాటల దగ్గర కూడా పొరబడతారు. రికార్డింగు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు దాని మీద హక్కు ఉంటుంది. 1960లో వచ్చిన రికార్డుపై ఆ హక్కు 2020 చివరితో ముగిసింది. కానీ సాహిత్యం మీద, బాణీ మీద హక్కులు వేరు. అవి రచయిత, సంగీత దర్శకుడు పోయాక కూడా 60 ఏళ్లు నడుస్తాయి. కాబట్టి మీ హార్డ్‌డిస్కులో ఉన్నవి పాతపాటలే అయినా నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇక మీ మీద పెట్టిన సెక్షన్లన్నీ ఒక్కలాంటివి కావు. 63 గుర్తింపదగిన నేరం (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలది), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే) అని సుప్రీంకోర్టు 2022 మే నెలలో తేల్చింది. అంతకుముందు మన ఉమ్మడి హైకోర్టు 2007లో ఇది బెయిలబుల్ అని చెప్పి ఉంది. ఇప్పటికీ కొందరు ఆ తీర్పు పట్టుకుని స్టేషన్ బెయిలు వస్తుందంటారు, నమ్మకండి. 65వ సెక్షనుకు గరిష్ఠ శిక్ష రెండేళ్లు, అది బెయిలబుల్. అనధికార కాపీలు తీసేందుకు ‘ప్లేటు’ తయారు చేయడం, దగ్గర ఉంచుకోవడం ఆ నేరం. ప్లేటు అంటే అచ్చు పలక ఒక్కటే కాదు. నిర్వచనంలో కాపీలు తీసే ఏ పరికరమైనా వస్తుంది, మీ కంప్యూటరు కూడా.

నేను ఎక్కువ పట్టించుకునేది 68ఎ. రికార్డింగు మీదా దాని కవరు మీదా తయారు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం ఉండాలని 52ఎ చెబుతుంది. అవి లేకుండా బయటికి వదిలితే 68ఎ కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా. దీనికి కనీస శిక్ష లేదు. కానీ ప్రాసిక్యూషను పని తేలిక. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక వీడియో దుకాణం కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పిందేమిటంటే, అసలు హక్కుదారును వెతికి తెచ్చి సాక్ష్యం ఇప్పించాల్సిన పని లేదు. మీ 140 పెన్‌డ్రైవ్‌ల మీద ఆ వివరాలు ఉండే అవకాశం లేదు కదా.

మోసం సెక్షను మాత్రం నిలబడేలా కనిపించడం లేదు. కొన్నవాడికి ఏం కొంటున్నాడో తెలుసు, అడిగింది ఇచ్చారు. అందులో నమ్మించి దగా చేసింది ఏముంది? అదొక్కటీ కొట్టేయమని హైకోర్టుకు వెళ్లవచ్చు. అయితే కంపెనీ పేరుతో, లోగోతో లేబుళ్లు అచ్చువేసి అంటించి ఉంటే కథ మారుతుంది. ట్రేడ్‌మార్క్ చట్టం 103, 104 సెక్షన్లు వస్తాయి, వాటికీ కనీసం ఆరు నెలలే. అందులో ఎస్సై సోదా చెల్లదు. డీఎస్పీ స్థాయి అధికారి, అదీ ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకున్నాకే చేయాలి. కాపీరైటుకైతే ఎస్సై చాలు, 64వ సెక్షను ప్రకారం వారెంటు కూడా అక్కర్లేదు.

అదే 64వ సెక్షనులో మీకు పనికొచ్చే గడువు ఒకటుంది. సీజ్ చేసిన 15 రోజుల్లోగా వస్తువులు తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మీకింకా ఆరు రోజులు మిగిలాయి. అన్నీ అడగకండి, ఇవ్వరు. ఖాళీ పెన్‌డ్రైవ్‌లు, దుకాణం లెక్కలు, రీచార్జి ఖాతాలున్న కంప్యూటరు అడగండి. డిస్కులో ఉన్నదంతా యథాతథంగా నకలు తీసుకున్నాక యంత్రం ఇవ్వమని, అవసరమైనప్పుడు హాజరుపరుస్తామని బాండు రాసిస్తామని కోరండి. కొనుగోలు బిల్లులు జతచేయండి.

నోటీసు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కిందిదే అయి ఉంటుంది. దాని ప్రకారం హాజరవుతున్నంత కాలం అరెస్టు చేయాలంటే కారణాలు రాయాలి. ఒక్కసారి ఎగ్గొడితే ఆ రక్షణ పోతుంది. వెళ్లిన ప్రతిసారీ హాజరైనట్టు రాయించుకోండి. భయంగా ఉంటే అదే చట్టం 482 కింద సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు వేయండి. ఈలోగా ఫోన్లలో, మిగిలిన డిస్కుల్లో ఉన్నవాటిని చెరిపేయకండి. సాక్ష్యం మాయం చేశారన్న కొత్త కేసు పాతదానికన్నా తేలిగ్గా రుజువవుతుంది.

అసలు పోరాటం 63లోని ‘తెలిసి’ (ఉల్లంఘన అని తెలిసే చేశారని రుజువు కావాలి) అన్న షరతు మీదా, పట్టుకున్న సరుకు మీదా ఉంటుంది. పంచనామా నకలు తీసి ఒక్కొక్క వాక్యమూ చదవండి. హార్డ్‌డిస్కుల సీరియల్ నంబర్లు రాశారా, సీలు వేశారా, సీలు మీద పంచుల సంతకాలున్నాయా? సోదా, సీజు మొత్తం వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతోంది. ఆ వీడియో ఉందా? ‘140 పెన్‌డ్రైవ్‌లు, సినిమా పాటలు’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తే ఏ పెన్‌డ్రైవ్‌లో ఏ పాట ఉందో ఎవరూ చెప్పలేరు. అందులో ఖాళీవి ఎన్ని? కంపెనీ తన పాటనీ మీ దగ్గర దొరికినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చిందా? డిస్కులోని ఫైళ్లను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చినది) 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) కూడిన ధ్రువపత్రం కావాలి. ఈ 63 వేరు, కాపీరైట్ చట్టంలోని 63 వేరు, కాగితాల్లో కలగాపులగం చేస్తుంటారు.

వచ్చిన ప్రతినిధికి కంపెనీ ఇచ్చిన అధికార పత్రం ఏదో, నిర్మాత నుంచి కంపెనీకి హక్కు ఎలా వచ్చిందో అడగండి. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. రిజిస్ట్రేషను లేకపోవడం మాత్రం లోపం కాదు, అది లేకపోయినా కాపీరైటు ఉంటుంది. ఇవన్నీ 63 మీద దెబ్బకొడతాయి, 68ఎ మీద అంతగా కాదని గుర్తుంచుకోండి.

మీ తమ్ముడి కొడుకుకు వేరే లాయరును పెట్టండి. సహకరించినవాడికీ 63లో అదే శిక్ష. అతను జీతానికి కూర్చున్నవాడైతే, పాటలు ఎవరు దించారో, అనుమతి ఉందో లేదో అతనికి తెలియదని వాదించాలి. ఆ వాదన సహజంగా మీవైపే వేలు చూపిస్తుంది. ఇద్దరి తరఫునా ఒకే లాయరు ఆ పని చేయలేడు.

రాజీకి దారి ఉంది. కాపీరైటు నేరాలు కింది కోర్టులో రాజీపడి కొట్టేయించుకునేవి కావు, కంపెనీ ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి, కేసు కొట్టేయమని బీఎన్ఎస్ఎస్ 528 కింద హైకోర్టుకు వెళ్లాలి. ఇకముందు చేయనని పూచీకత్తు రాసివ్వమంటారు, నష్టపరిహారం అడుగుతారు. సొమ్ము ఇస్తే కంపెనీ బ్యాంకు ఖాతాకే ఇవ్వండి, ప్రతినిధి చేతికి నగదు వద్దు. ఒప్పందంలో నేర సంఖ్య, సివిల్ దావా కూడా వేయబోమన్న మాట రెండూ ఉండాలి. డిస్కుల్లో వేరే కంపెనీల పాటలుంటే ఈ రాజీ వాటికి రక్ష కాదు.

హార్డ్‌డిస్కులో కొత్త సినిమాల థియేటర్ ప్రింట్లు ఉన్నాయేమో మీ లాయరుకు దాచకుండా చెప్పండి. థియేటర్లో దొంగతనంగా రికార్డు చేసినవాడికి, అందులో తోడ్పడినవాడికి 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, 3 లక్షల నుంచి ఆ సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా ఉంటుంది. అవి మీకెక్కడివన్న ప్రశ్న తప్పక వస్తుంది. సరుకు తమిళనాడు, కర్ణాటకలకు కూడా పంపుతున్నారా? అక్కడి ముందస్తు నిర్బంధ చట్టాల (విచారణ లేకుండానే జైల్లో పెట్టే చట్టాల) పరిధిలో వీడియో పైరసీ చేసేవాళ్లూ ఉన్నారు.

కేసు గెలిచినా పాటలున్న పెన్‌డ్రైవ్‌లు తిరిగి వస్తాయనుకోవద్దు. శిక్ష పడినా పడకపోయినా అనధికార కాపీలను హక్కుదారుకు అప్పగించమనే అధికారం 66వ సెక్షను కింద కోర్టుకు ఉంది.