మందు ఒకటే, గది మారింది: ఫార్మకాలజీయా, సైకాలజీయా?

ప్రశ్న: బి.ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒకే మోతాదు ఇచ్చినా, ఎలుకను ఉంచిన చోటును బట్టి మందు ప్రభావం మారుతుందని మా సార్ క్లాసులో చెప్పారు. దీనిపైనే పరిశోధన చేయాలని ఉంది. ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకోవాలా, సైకాలజీకి మారాలా?

జవాబు: ఫార్మకాలజీనే తీసుకోండి. కాకపోతే సైకాలజీలోని ఒక అధ్యాయాన్ని, అంటే పావ్‌లోవ్ కండిషనింగ్‌ను (ఒక చోటు లేదా సంకేతం పదేపదే మందుతో జతపడితే, ఆ సంకేతానికే శరీరం స్పందించడం నేర్చుకోవడం), మీ సొంత సబ్జెక్టులాగా చదవాల్సి ఉంటుంది.

మీ సార్ మాటకు మంచి ఆధారాలున్నాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో షెపర్డ్ సీగెల్ బృందం హెరాయిన్‌కు అలవాటుపడిన ఎలుకలకు ఒక పెద్ద మోతాదు ఇచ్చి, 1982లో ఫలితాలు ప్రచురించింది. అంతకుముందు మందు అందుకున్న గదిలోనే ఆ మోతాదు ఇచ్చినప్పుడు 32 శాతం చనిపోగా, వేరే గదిలో ఇచ్చినప్పుడు 64 శాతం చనిపోయాయి. అది టాలరెన్స్ కథ, అంటే అలవాటు వల్ల మందు ప్రభావం తగ్గడం; ఆ రక్షణ పాత గదిలోనే ఎక్కువగా పనిచేసింది. సెన్సిటైజేషన్ దీనికి ఎదురు దిశలో నడుస్తుంది: యాంఫెటమిన్ లేదా కొకైన్‌ను విడతలుగా ఇస్తూ పోతే అదే మోతాదుకు ఎలుక మునుపటి కంటే ఎక్కువగా పరుగెడుతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో టెరీ రాబిన్సన్, ఆల్డో బదియాని 1990లలో చేసిన ప్రయోగాల్లో, తాను నివసించే కేజ్‌లో కంటే కొత్త చోట యాంఫెటమిన్ అందుకున్న ఎలుకల్లో ఈ పెరుగుదల బలంగా కనిపించింది.

ఇది కేవలం చోటు ప్రభావమా, లేక నేర్చుకున్నదా అని తేల్చడంలోనే ఈ రంగంలోని అసలు పనితనం ఉంది. ఒక గుంపుకు పరీక్ష పెట్టెలో మందు, కేజ్‌లో సెలైన్ (మందు లేని ఉప్పునీరు) ఇస్తారు. రెండో గుంపుకు సరిగ్గా తిరగేసి ఇస్తారు. మూడో గుంపుకు రెండు చోట్లా సెలైనే. మొదటి రెండు గుంపులకూ అందిన మందు మొత్తం సమానమే అయినా, చివరి రోజున పెట్టెలో అందరికీ ఒకే మోతాదు ఇస్తే మొదటి గుంపే ఎక్కువగా పరుగెడుతుంది. అంటే తేడా మందు మొత్తంలో లేదు, పెట్టెకూ మందుకూ కుదిరిన జతలో ఉంది. ఆ మొదటి గుంపుకు ఉత్త సెలైన్ ఇచ్చినా ఆ పెట్టెలో పరుగు పెరగడం కద్దు. గ్రాహకాల (మందు అతుక్కునే కణభాగాల) గురించి పేజీలకు పేజీలు రాయగల విద్యార్థులు కూడా ఆ రెండో గుంపు ఎందుకో చెప్పలేక ఇంటర్వ్యూల్లో తడబడతారు.

దారి విషయానికొస్తే, జీప్యాట్ (ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష) అర్హత, నైపర్ జేఈఈ ర్యాంకు ఉంటే హైదరాబాద్ నైపర్‌లో (జాతీయ ఫార్మసీ విద్యా, పరిశోధన సంస్థలో) ఫార్మకాలజీ, టాక్సికాలజీ చదవవచ్చు. పీహెచ్‌డీకి బెంగళూరు నిమ్‌హాన్స్ వంటి న్యూరోసైన్స్ కేంద్రాలున్నాయి. జంతువులపై పనికి సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. యాంఫెటమిన్, కొకైన్ వంటివి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి కాబట్టి వాటి అనుమతులకు వ్యవధి పడుతుంది. అందుకే గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన పేపర్ల సంఖ్య కంటే, ప్రవర్తన పరీక్షలకు ఆ ల్యాబ్‌లో ప్రత్యేక గది ఉందా, మందుల అనుమతి ఇప్పటికే ఉందా అని అడగండి.

అన్నిటికంటే ముందు, మీ కాలేజీ యానిమల్ హౌస్‌లో అనుమతి తీసుకుని ఒక వారం గడపండి. ఆ వాసన, చేతిలో ఎలుక గింజుకోవడం మీకు సరిపడకపోతే, ఆ సంగతి ఫీజు కట్టకముందే తెలియడం మంచిది.